ఎత్తమన్నవాడు దిగాలి

వంతు 212

మెట్ట సేనల దళవాయి గవరమ్మ దినచర్య. ఆనవాయితీ ప్రకారం నోటితోనే చెబుతున్నాను, గొంతుపెట్టె వింటోంది. నా గొంతు బొంగురుగా ఉంటే అది చలి వల్లే, భయం వల్ల కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. సభలో కొందరికి నా దినచర్య వినడం తప్ప వేరే పని లేదు.

ఈవేళ పెద్దలాకు చక్రానికి గ్రీజు పెట్టాం. గ్రీజు గడ్డకట్టి బెల్లంముక్కలా అయిపోయింది. తలా ఒక ముద్ద చంకలో పెట్టుకుని కరిగించి రాశాం. జావ నిన్నటికన్నా పలచన. పిల్లల గదుల్లో గోడ గొట్టాలు చల్లగా తగిలాయి. పల్లంవాళ్ళు వేడి ఆపి రెండో నెల నడుస్తోంది.

మంచు కింద ఈ గుహలు తవ్వుకున్నప్పుడు మాది ఒక్కటే ఊరు. పైన మెట్టలో నీళ్ళు, కింద పల్లంలో వేడికొట్టం. నీళ్ళు కిందికి పోయేవి, వేడి పైకి వచ్చేది. ఎవరి వాటా ఎంత అన్న దగ్గర మొదలైన మాటలు తుపాకుల దాకా వచ్చాయి. అయినా పల్లానికి మంచినీళ్ళ వంతు మాత్రం మేము ఆపలేదు. లాకు తలుపు వేలెడు ఎత్తుతాం, అంతే. నీళ్ళు అందగానే వాళ్ళు గొట్టం మీద రెండు దెబ్బలు కొడతారు. సూర్యుడు లేనిచోట మేము రోజులు లెక్కపెట్టుకునేది ఆ వంతుతోనే.

ఈవేళ ఎత్తమన్నది నేను, కాబట్టి గుంటలో దిగిందీ నేనే. తలుపుకి అవతల, కాలువ మొదట్లో, నిలువు లోతున ఆ గుంట ఉంటుంది. ఇనుప మెట్లు దిగి, నీళ్ళు మోకాళ్ళకు తగిలేదాకా అక్కడే నిలబడాలి. ముత్తవ్వల కాలంలో ఒక అధికారి తన గదిలో వెచ్చగా కూర్చుని మైకులో ఎత్తమన్నాడట. కాలువలో పూడిక తీస్తున్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత లస్కర్లు పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఎత్తమన్నవాడు దిగాలి.

లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించేవాడు. నది ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూళ్ళేదు గాని, ఆ మాటను భూమి మీద నుంచి మోసుకొచ్చాం. నేనూ లస్కర్నే. దళవాయి పదవి యుద్ధంతోపాటు నెత్తిన పడింది.

సభనుంచి కబురొచ్చింది. అధ్యక్షుడు పిలుస్తున్నాడట. కాళ్ళు ఆరాక వెళ్తాను.

వంతు 213

అధ్యక్షుడు గంగిరాజు నాకు బావ, మా అక్క మొగుడు. ఇంట్లో "ఏం బావా" అంటాను, సభలో "అండీ" అంటాను. ఈవేళ సభలో మేమిద్దరమే ఉన్నాం గాని, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు కాబట్టి అండీ అనే అన్నాను.

"నిండు ఎత్తు ఎత్తాలి" అన్నాడు.

అర్థం కానట్టు నటించాను. తలుపు పూర్తిగా ఎత్తితే జలాశయం మొత్తం పల్లం ఇళ్ళ మీద పడుతుంది.

"వేడికొట్టం గట్టు మీదుంది, దానికి తడి తగలదు. ఒక్క వంతులో యుద్ధం అయిపోద్ది గవరమ్మా."

"ఇళ్ళల్లో ఉన్నోళ్ళో?"

"శత్రువులు."

"మన మేనత్త కూతురు అక్కడే ఉందండి. మీ పెదనాన్న కొడుకులూ అక్కడే ఉన్నారు. ఆళ్ళ పెళ్ళిళ్ళలో మనం తిన్న విస్తళ్ళు ఇంకా ఎండలేదు."

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదో దారని, నీ వరసే అంత" అన్నాడు బావ. ఆ తర్వాత గొంతు మార్చాడు. "సేన సభ మాట వినాలా, సభ సేన మాట వినాలా? అది చెప్పు ముందు."

"సేనే సభ మాట వినాలండి. అందులో నాకు రెండో మాట లేదు. ఎవరితో యుద్ధమో మీరు చెప్పండి, ఎలా చెయ్యాలో నేను చెప్తాను. నిద్రపోతున్నోళ్ళ మీదకి నీళ్ళొదలడం యుద్ధం కాదు. పదవి తీసేస్తారా, తీసెయ్యండి. ఎల్లి లస్కరుగా చేరతాను. అప్పుడూ ఎత్తను."

ఆయన తీసెయ్యలేదు. తీసేస్తే చక్రం దగ్గరివాళ్ళు ఇంకెవరి మాటా వినరని ఆయనకు తెలుసు. తలుపు దాకా సాగనంపి, "దినచర్య మానకుండా చెబుతున్నావా?" అని అడిగాడు. చెబుతున్నానన్నాను. ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు తట్టలేదు.

వంతు 216

మా అక్క మనవరాలు చలికి పోయింది. పుట్టి వారం. బారసాల కూడా కాలేదు, పిలవడానికి పేరు కూడా లేదు.

నేను వెళ్ళేసరికి బావ పాపను చొక్కా లోపల పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తన వంటి వేడి ఇద్దామని పొద్దుటి జావ వేళనుంచి అలాగే ఉన్నాడట. పోయిందని అందరికీ తెలిశాక కూడా బయటికి తియ్యలేదు. మూలన గొంతుపెట్టె మా అమ్మ గొంతుతో జోల పాడుతోంది. ఆ పెట్టెలు లేని ఇల్లు మా ఊళ్ళో లేదు. కాసేపు మాట్లాడి పెడితే చాలు, మనిషి పోయాక కూడా పిల్లలకు ఆ గొంతుతోనే కథలు చెబుతాయి. మా ఇంట్లో పెట్టెలో ఉన్న అమ్మ నన్ను ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది. ఇక్కడి పెట్టెను ఆపాలని ఎవరికీ తోచలేదు. నేనే వెళ్ళి ఆపాను.

అక్క నా వైపు చూసింది. "నువ్వు ఆ తలుపెత్తుంటే ఇది బతికేది" అంది.

కింద కూడా ఊయలలున్నాయి అనబోయి మింగేశాను. శవం పక్కన అనే మాట కాదది. బావ చొక్కాలోంచి పాపను తీసుకుని నేనే గుడ్డ చుట్టాను. శవానికి చుట్టే గుడ్డల్లో అంత చిన్నవి ఉండవు, మడతల మీద మడతలు వేశాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

బయట నా ఉపదళవాయి చిట్టెబ్బాయి కాచుకుని ఉన్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, చక్రం జట్టుకు మేస్త్రి. మొహమాటం లేని మనిషి.

"ఏవండీ, ఓ మాటంటాను, తిట్టకండి. ఆ కుర్చీలో మీరు కూకోండి. సేనంతా మీ ఎనకాలే ఉంది. అధ్యక్షుణ్ణి నాలుగ్గోడల మధ్య ఉంచుదాం, అన్నం నీళ్ళు మంచిగా పెడదాం."

"ఆ తరవాత?"

"తరవాతేటండి, మీరు మంచోరు కదా."

"ఈవేళ మంచిదాన్ని. కుర్చీ ఎక్కాక నువ్వు చెప్పిన మాట నేను వినకపోతే, నన్నెవడు దింపుతాడు? ఆయన్ని సభ దింపాలి. మనం తుపాకీతో దింపితే రేపు నన్నూ తుపాకీతోనే దింపుతారు. ఇంకోసారి ఆ మాటన్నావంటే నీతో గ్రీజు మొత్తం చంకలోనే కరిగిస్తాను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు గాని, సంతోషంగా అనలేదు.

వంతు 219

సరిహద్దు ఫోను తీగ మీద సోంబాబు పిలిచాడు. అతను పల్లం దళవాయి. యుద్ధానికి ముందు ఇదే లాకు దగ్గర నాతోపాటు పన్నెండేళ్ళు చక్రం తిప్పాడు. నా చేతి పులుసు తిన్న మనిషి.

"ఏం గవరమ్మా, మంచినీళ్ళు కూడానా?" అన్నాడు.

"ఏ మంచినీళ్ళు?"

"రెండు వంతులైంది చుక్క రాక. నువ్వే ఆపించావని మీవోళ్ళు అంటన్నారు. నమ్మలేక పిలిచాను."

రెండు వంతులుగా నేను ముందువరస గుహల్లో తిరుగుతున్నాను. లాకు వైపు రాలేదు. వెంటనే వచ్చి చిట్టెబ్బాయిని అడిగాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"మీరే కదండీ మైకులో చెప్పారు! పల్లం వంతు ఆపండి, కారణం తరవాత చెప్తానని. మీ గొంతే. 'ఒరే చిట్టీ' అని కూడా పిలిచారు."

ఆపడానికి గుంటలో ఎవరూ దిగక్కర్లేదు, దించమంటే దించేస్తారు. ఎత్తడానికే కట్టుబాటు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు అర్థమైంది. రెండు నెలలుగా ప్రతి వంతూ నా దినచర్యను ఆ పెట్టెకు నోరారా వినిపిస్తూ వచ్చాను. దగ్గు, తిట్టు, విసుగు, అన్నీ పోశాను. ఇప్పుడు దానికి నాలాగా మాట్లాడడం నాకన్నా బాగా వచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఈ వంతునుంచి దినచర్య చేత్తోనే రాస్తున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది. దాన్ని నకలు చెయ్యడం కూడా కష్టమే.

మంచినీళ్ళు వెంటనే వదిలించాను, నేనే దిగి నిలబడ్డాను. కాసేపటికి కిందినుంచి రెండు దెబ్బలు వినిపించాయి. ఎక్కి వచ్చాక తీగ మీద సోంబాబు అడిగాడు: "పైన ఏదో జరుగుతోంది కదూ?"

చెబితే నా వాళ్ళకు ద్రోహం. చెప్పకపోతే అతని పిల్లలు. "నేను గుంటలో ఉండగా నిండు ఎత్తు ఉండదు సోంబాబూ. అంతకన్నా అడక్కు" అన్నాను. అతను "వేడి సంగతి మావోళ్ళని మళ్ళీ అడుగుతాను, ఒప్పుకుంటారన్న ఆశ లేదు" అని తీగ వదిలేశాడు.

వంతు 220

బావ దగ్గరికి ఇంటికే వెళ్ళాను. అండీ అనలేదు.

"నా గొంతు దొంగిలించావా బావా?"

దాచలేదు. దాచే మనిషి కాదు. "దళవాయి గొంతు ఊరి ఆస్తి. నీది కాదు."

"అయితే ఊరినే అడగాల్సింది."

"అడిగితే ఎప్పటికి తేలుద్ది? అప్పటికి ఇంకెంతమంది?" వేలితో మూలనున్న ఊయల చూపించాడు. అది ఇంకా అక్కడే వేలాడుతోంది. "రేపు వంతు వేళకి నీ గొంతే ఆజ్ఞ ఇస్తుంది. నిండు ఎత్తు. గుంటలో దిగే కట్టుబాటు కూడా రద్దని నీ గొంతే చెప్తుంది. నీకు పాపం అంటదు. పోయి పడుకో."

నాకు పాపం అంటకుండా చూస్తున్నాడట! "రేపు నేను గుంటలో ఉంటాను" అన్నాను. "నన్ను ముంచి, నా గొంతుతోనే సంతాపం చెప్పించుకో."

అక్క వంటగదిలోంచి వచ్చింది. వాకిట్లో దాకా వచ్చి తన ఉన్ని శాలువా నా భుజాన వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పనికి అర్థం ఏమిటో తేల్చుకోలేకపోయాను. వెచ్చగా మాత్రం ఉంది.

సేననంతా పిలిచి అది నా గొంతు కాదని చెప్పొచ్చు కదా అన్నాడు చిట్టెబ్బాయి. చెప్పాను. కాని నేను చెప్పిన ప్రతి మాటకూ మైకులో ఇంకో నేను ఎదురు చెబుతోంది. ముందువరసలో సగంమంది ఎవరిని నమ్మాలో తెలియక చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నారు. మాటతో గెలిచే పని కాదని తేలిపోయింది.

వంతు 221

ఇది రాస్తుంటే కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

వంతు వేళకు చాలా ముందే గుంటలో దిగాను. శాలువా కప్పుకున్నాను. తలెత్తితే తలుపు, తలుపు వెనక జలాశయం. నీళ్ళు కనిపించవు గాని, ఇనుము మూలిగే చప్పుడు వినిపిస్తుంది. పైన చక్రం చుట్టూ చిట్టెబ్బాయి జట్టు నిలబడింది. ఆ చక్రం తిప్పడం తెలిసినవాళ్ళు ఊరు మొత్తంలో వాళ్ళే.

మైకు గురగురమంది. "దళవాయి గవరమ్మను మాట్లాడుతున్నాను. గుంట కట్టుబాటు ఈ వంతుతో రద్దు. నిండు ఎత్తు ఎత్తండి." మధ్యలో నా దగ్గు కూడా పెట్టారు. పని మాత్రం నాణ్యంగా చేశారు.

పైనుంచి తలలు గుంటలోకి వంగాయి.

"ఏవండీ" అని చిట్టెబ్బాయి అరిచాడు, "పైన మీరు ఎత్తమంటన్నారు. కింద మీరేటంటన్నారు?"

"కింద నేనేం అనట్లేదురా. నిలబడ్డాను."

మైకు మళ్ళీ అంది. మళ్ళీ అంది. వాళ్ళు కదల్లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ చలిలో గట్టిగానే నవ్వాను. గెలిచాననుకున్నాను.

అప్పుడు బావ వచ్చాడు. వెంట ఇద్దరు కాపలావాళ్ళు. మైకు వల్ల కాలేదని తెలిసి తనే వచ్చాడు. అంచున నిలబడి కిందికి చూశాడు. అరుస్తాడనుకున్నాను. చెప్పులు విప్పాడు. పంచె పైకి కట్టాడు. ఇనుప మెట్లు ఒక్కొక్కటే దిగి నా పక్కన నిలబడ్డాడు.

ఆయన దిగడని లెక్క వేసుకున్నాను. నేను చేసిన తప్పు అదే. సభలో కుర్చీ దిగనివాడు గుంటలో దిగుతాడా అనుకున్నాను. చొక్కాలో పాపను పెట్టుకుని కూర్చున్న మనిషిని నా కళ్ళతోనే చూసి కూడా అలా అనుకున్నాను.

"కట్టుబాటు అన్నావు కదా, దిగాను" అన్నాడు.

"నిండు ఎత్తంటే మెట్లు ఎక్కే వ్యవధి ఉండదు బావా. భయమెయ్యట్లేదా?"

"నా భయం గుడ్డలో చుట్టి ఇచ్చావు కదా నువ్వు. పూడ్చేశాను." తలెత్తి అరిచాడు: "అధ్యక్షుణ్ణి! గుంటలోనే ఉన్నాను! నిండు ఎత్తు ఎత్తండి!"

ఆ ఆజ్ఞలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇచ్చింది సభ పెద్ద. నిలబడింది గుంటలో. నేను ఇన్నాళ్ళూ జపించిన రెండు నియమాలూ ఆయన పక్షానే ఉన్నాయి. చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది, మెట్లు ఎక్కకుండా ఉండడం. శాలువా బిగించుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. ఎత్తితే ఇద్దరం పోతాం, మా తర్వాత పల్లం పోతుంది.

పైన ఖణేల్‌మని చప్పుడు. చక్రం తిరగకుండా పట్టి ఉంచే కొక్కెం చప్పుడు అది, నాకు బాగా తెలుసు. తీశారనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. బావ చెయ్యి నా చేతిని పట్టుకుంది. అది కోపంగా పట్టుకున్న చెయ్యి కాదు. నేనూ విడిపించుకోలేదు.

నీళ్ళు రాలేదు. ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది.

చిట్టెబ్బాయి దిగాడు. కొక్కెం తియ్యలేదు, వేసి వచ్చాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. జట్టంతా దిగింది. గుంట ఇరుకు, భుజాలు భుజాలు రాసుకున్నాయి. ఒకడి మోచెయ్యి నా పక్కటెముకల్లో గుచ్చుకుంది.

"ఏంట్రా ఇది?" అన్నాడు బావ.

"ఏం లేదండి" అన్నాడు చిట్టెబ్బాయి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా. "ఎత్తమన్నోడు దిగాలన్నారు గాని, ఎత్తేవోడు దిగకూడదని కట్టుబాటులో లేదు కదండీ. మీ ఆజ్ఞ మీద మాకు గౌరవమేనండి. మీ కుర్చీ జోలికీ రాం. కాపోతే పైన ఎవళ్ళూ లేరు."

బావ తలెత్తి చూశాడు. చక్రం దగ్గర ఆయన కాపలావాళ్ళు ఇద్దరే మిగిలారు. ఇద్దరితో కదిలే చక్రం కాదది. వాళ్ళు కూడా దాని వైపు చూడకుండా తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"ఎత్తండి!" అని మళ్ళీ అరిచాడు. గొంతు చిట్లిపోయింది. "ఎత్తండి!" మూడోసారి అన్నప్పుడు ఆజ్ఞలా లేదు, ఏడుపులా ఉంది. జట్టులో ఒకతను ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అతనికీ పోయిన నెల పిల్ల పోయింది.

చివరికి నేనే అన్నాను: "వంతు వేళ దాటిపోతోంది. పల్లానికి మంచినీళ్ళు వదలాలి. ఎత్తమనేది నేను, కాబట్టి నేను ఉంటాను. మీరంతా ఎక్కండి. నువ్వూ ఎక్కు బావా, తడుస్తావు."

జట్టు ఎక్కింది. బావ ఎక్కలేదు.

"వేలెడెత్తు! ఎత్తండిరా!" అని అరిచాను. నా సొంత గొంతు ఆ గుంటలో బొంగురుగా మోగింది. కొక్కెం తీశారు, చక్రం కదిలింది, తలుపు కింద సన్నగా నీళ్ళు మొదలయ్యాయి. మంచులాంటి నీళ్ళు. చీలమండలు, పిక్కలు, మోకాళ్ళు. అధ్యక్షుడూ దళవాయీ పక్కపక్కన నిలబడి, శత్రువుకు పోయే నీళ్ళలో పళ్ళు కొరుక్కుంటూ తడిశాం. కాసేపటికి కిందినుంచి రెండు దెబ్బలు వినిపించాయి. బావ ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి అనుకుంటాను. అదేమిటని అడిగాడు. నీళ్ళు అందాయని చెబుతున్నారన్నాను.

రేపు సభ పిలిచి నన్ను తీసెయ్యొచ్చు. ఆ హక్కు ఆయనకుంది, తీసేస్తే లాకు దగ్గర లస్కరుగా చేరతాను. వేడి ఇంకా రాలేదు, గోడ గొట్టాలు చల్లగానే ఉన్నాయి, పిల్లలు ఇంకా దగ్గుతున్నారు. దానికోసం పోరాడతాను, తుపాకీతో పోరాడాల్సి వస్తే తుపాకీతోనే, నా ముందు నిలబడ్డవాళ్ళతో. ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళ మీదకు మాత్రం ఆ తలుపు లేవదు.

మైకును ఆపడం ఎవరికీ గుర్తు లేదు. అక్కడ ఇంకా నా గొంతు నిండు ఎత్తు ఎత్తమని అరుస్తూనే ఉంది. చిట్టెబ్బాయి చక్రానికి గ్రీజు రాసుకుంటూ, ఆ మైకు వైపు తలెత్తి, "ముందు దిగండమ్మా, అప్పుడు చూద్దాం" అన్నాడు.